పాటకి ముందు

గురువారం రాత్రి తొమ్మిదింటికి
నైరీ మక్లీష్ గొంతు సవరించుకుంటుంది.
ఆ సవరింపే ఆమె కార్యక్రమానికి మొదటి సంగీతం.
పగలంతా బ్లఫ్ రేవులో ఆల్చిప్పలు విప్పే చేతులు
రాత్రయితే ఊరి నోరు విప్పుతాయి.
మేడ మీద ఇరుకు గది, కింద చేపల వేపుడు దుకాణం.
నూనె వాసన రేడియోలో రాదు గానీ
ఆమె మాటకి కాస్త జిడ్డు అంటుకునే ఉంటుంది.

వారానికో అంశం, వారానికో సాకు.
ఒక వారం గొడుగుల పాటలు.
ఒక వారం, అబద్ధమాడి దొరికిపోయినవాళ్ల పాటలు.
ఒకసారి పేరులో మంగళవారం ఉన్నవి మాత్రమే:
మూడే దొరికాయి, వాటినే తిప్పి తిప్పి వేసింది.
గుర్రాల వారం మాత్రం ఉదారంగా ఉంది,
"గుర్రం దగ్గినా లెక్కే" అంది.

నేను పాల ట్యాంకరు తోలతాను.
ఇన్వర్‌కార్గిల్ దాటాక దారికి ఇటూ అటూ
వానలో కదలకుండా నిలబడ్డ ఆవులు,
అద్దాన్ని అరచేత్తో చరిచే దక్షిణపు గాలి.
వెనక ఇరవై ఎనిమిది వేల లీటర్ల తొణుకు,
ముందు నైరీ.

ఒకప్పుడు నేనూ వాయించేవాణ్ని, బాస్ గిటారు.
"తిమింగలం" అని ఒక పబ్బుండేది.
వేదికంటే బీరు పెట్టెల మీద పరిచిన పాత తలుపు,
పిడి ఊడదీయడం మర్చిపోయారు, అందరం తట్టుకునేవాళ్లం.
మా బ్యాండు పేరు చెబితే నవ్వుతారు, చెప్పను.
ఊళ్లో పదకొండు బ్యాండ్లు,
మనుషులం మాత్రం పందొమ్మిది మందిమే.
మూడింటికి ఒకడే డ్రమ్మరు, రావిరి.
చెమట చొక్కా పిండుకుని మళ్లీ ఎక్కేవాడు.
వినడానికొచ్చేదీ మేమే,
మా వంతు కానప్పుడు.

పోయిన నెల తిమింగలాన్ని కూల్చేశారు.
కార్లు నిలుపుకుంటారట.

ఆ గురువారం నైరీ అంది:
"ఈ వారం అంశం, పాటకి ముందు.
ఇరవై ఏళ్లు ఆ పబ్బులో క్యాసెట్లు నింపాను.
పాటలు మీకు వచ్చు. అవి వెయ్యను."

వెయ్యలేదు.
గంటసేపు
తీగ బిగిస్తున్న కీచు,
నిద్రలో పిల్లిలా ఆంప్లిఫయరు గుర్రు,
"పదిహేడో నంబరు చిప్స్ ఎవరివీ" అని వంటింటి కేక.
గ్లాసు పగిలింది, చప్పట్లు,
మాకెప్పుడూ అంత గట్టిగా కొట్టలేదు.
"వినిపిస్తోందా?" అని ఓ అమ్మాయి,
"లేదు" అని వెనకనుంచి పది గొంతుల అబద్ధం.
ఒక పెద్దాయన భార్యతో, "ఇదొక్కటి విని పోదాం."
ఆ మాట నాలుగు క్యాసెట్లలో ఉంది,
నాలుగూ వేరువేరు ఏళ్లవి.
పాట ఊపిరి తీసుకునేసరికి
కత్తిరింపు. ఇంకో దగ్గు.

అప్పుడు చెక్క మీద చెక్క.
తాహి, రువా, తోరు...
నాలుగోది రావిరి ఎప్పుడూ పైకి అనడు,
మాకు వదిలేస్తాడు.

ట్యాంకరు ఏదో పొలం గేటు పక్కకి తీశాను.

రావిరి పోయి ఆరేళ్లు.
సముద్రమనుకుంటారు అందరూ, సముద్రం కాదు.
గోడకి రంగేస్తూ, మంచి ఎండలో, నిచ్చెన మీద.
సగం గోడ ఇప్పటికీ పసుపు.

నైరీ అక్కడా కత్తిరించింది.
నా ఎడమచేతి వేళ్లు మాత్రం
స్టీరింగు మీద మొదటి స్వరం నొక్కేశాయి.
రెండోది తప్పు.
అప్పుడూ తప్పే.

తర్వాత ఫోన్లు.
ఆ దగ్గు మా నాన్నదని ఒకావిడ.
కాదు, నాదేనని ఇంకొకాయన.
"చెరో సగం పంచుకోండి" అంది నైరీ,
వచ్చే వారం కప్పలట.

డెయిరీకి పదమూడు నిమిషాలు ఆలస్యం.
కారణం అని ఉన్న గడిలో
గాలి, అని రాశాను.